ఏ కేంద్రకానికి? స్పిన్ ఎకో నుంచి హెచ్‌ఎస్‌క్యూసీ దాకా

మొన్న ఒక మాక్ టెస్ట్‌లో ఎన్‌ఎంఆర్ గురించి రాస్తూ "180 డిగ్రీల పల్స్ ఇస్తే చెదిరిన స్పిన్‌లన్నీ మళ్లీ కలుస్తాయి" అని రాసి వచ్చాను. సగం మార్కులు పోయాయి. దిద్దినవారు పక్కన "ఏ కేంద్రకానికి?" అని మాత్రం రాశారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, కాస్త సిగ్గేసింది. జవాబు కోసం వెతికితే ముప్పై ఏళ్ల చరిత్ర దొరికింది.

1949లో ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో ఎర్విన్ హాన్ రెండు రేడియో పల్స్‌లు ఇచ్చి చూశాడు. వాటి మధ్య ఎంత వ్యవధి ఉందో, రెండో పల్స్ తర్వాత సరిగ్గా అంత వ్యవధికి ఇంకో సిగ్నల్ వచ్చింది. అదే స్పిన్ ఎకో. 1954లో కార్, పర్సెల్ రెండో పల్స్‌ను 180 డిగ్రీలకు మార్చారు.

స్కూల్ గ్రౌండ్‌లో పరుగు పందెం ఊహించుకోండి. ఒక్కొక్కరిదీ ఒక్కో వేగం. కాసేపటికి విజిల్ వేసి వెనక్కి తిరగమంటే అందరూ ఒకేసారి గీత దగ్గరికి చేరతారు. ఈ సొంత వేగమే కెమికల్ షిఫ్ట్. 1951లో స్టాన్‌ఫర్డ్‌లో ఇథనాల్‌కు మూడు ప్రోటాన్ గీతలు చూపించిన ముగ్గురిలో మన ఎస్.ఎస్. ధర్మట్టి ఒకరు (జీఎస్-3లో భారతీయుల కృషి అడిగితే పనికొస్తుంది). తర్వాత ఆయన బొంబాయి టీఐఎఫ్‌ఆర్‌లో ఎన్‌ఎంఆర్ పరిశోధనకు పునాది వేశారు.

చిక్కు ఎక్కడంటే, ప్రతి పరుగువాడికీ ఒక జోడీ ఉంటాడు. జోడీ పైకి ఉంటే వేగం కొంచెం పెరుగుతుంది, కిందికి ఉంటే తగ్గుతుంది. ఇది కప్లింగ్. విజిల్‌కు పరుగువాడు ఒక్కడే తిరిగితే ఈ తేడా కూడా రద్దవుతుంది. అదే క్షణంలో జోడీ కూడా తలకిందులైతే? ముందుకెళ్లినవాడు నెమ్మదిగా వస్తాడు, వెనకబడ్డవాడు వేగంగా వస్తాడు. సొంత వేగం తేడా పోతుంది, జోడీ వల్ల వచ్చిన తేడా మాత్రం రెట్టింపవుతుంది. రెండూ ప్రోటాన్లే అయితే ఒకే పల్స్ ఇద్దరినీ తిప్పేస్తుంది. హాన్, మ్యాక్స్‌వెల్ 1951-52లో ఎకోల ఎత్తు ఊగిసలాడటం గమనించింది ఇందుకే.

ప్రోటాన్, కార్బన్-13 జంట అయితే కథ మారుతుంది. ప్రోటాన్‌కు 500 మెగాహెర్ట్జ్ అయస్కాంతంలో కార్బన్ పౌనఃపున్యం దాదాపు 125. అంటే ఎవరిని తిప్పాలో మనమే ఎంచుకోవచ్చు.

ప్రకృతిలో కార్బన్-13 వాటా 1.1 శాతమే, సిగ్నల్ కూడా బలహీనం. 1979లో మోరిస్, ఫ్రీమన్ తెచ్చిన ఇనెప్ట్ ప్రోటాన్ బలాన్ని కార్బన్‌కు అందించి సిగ్నల్‌ను దాదాపు నాలుగు రెట్లు చేస్తుంది. అందుకు కప్లింగ్ బతకాలి, షిఫ్ట్ పోవాలి. కాబట్టి 180 పల్స్ రెండు కేంద్రకాలకూ ఒకేసారి ఇస్తారు. కప్లింగ్ 145 హెర్ట్జ్ అయితే సుమారు 1.7 మిల్లీసెకన్ల దగ్గర.

మరుసటి ఏడాది బోడెన్‌హౌసెన్, రూబెన్ చేసిన హెచ్‌ఎస్‌క్యూసీలో ఈ ఇనెప్ట్ ముందూ వెనకా ఉంటుంది. మధ్యలో రెండో కేంద్రకం షిఫ్ట్‌ను కొలిచే దశలో మాత్రం అవసరం తిరగబడుతుంది: షిఫ్ట్ కావాలి, కప్లింగ్ వద్దు. అక్కడ 180 పల్స్ ప్రోటాన్‌కు ఒక్కదానికే. నేను రాసిన వాక్యంలో లేనిది ఈ "ఒక్కదానికే".