వాతావరణ నిరాశావాదం (ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతం)

భూతాపం, కరవు, వరదల ముందు మనిషికి ఇక మనుగడ లేదనే భావన. నెల్లూరు జిల్లా పశ్చిమాన వెలిగొండల పాదాన ఉన్న ఈ మెట్టలో ఆ దిగులు చాలావరకు నీటి చుట్టూనే తిరుగుతుంది. వానాధారపు సేద్యం, ఎండిపోయే బోర్లు, ఉదయగిరి వైపు పలుచోట్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్, పట్టణాలకు వలసలు ఇక్కడ పాత కష్టాలే. ఆత్మకూరుకు చేరువలో, అనంతసాగరం మండలంలో పెన్నపై సోమశిల జలాశయం ఉంది. దాని సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. మెట్టకు నీరివ్వాల్సిన హైలెవల్ కాలువ పనులు మాత్రం ఏళ్ల తరబడి నడిచాయి. 2021 నవంబరు 19న కడప జిల్లాలో, పెన్నలో కలిసే చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. అదే నెల సోమశిలకు భారీ వరద వచ్చి పడింది. కరవుకు అలవాటుపడిన మెట్టకు ఈ వరద వేరే రకం భయం.

కొండలకు ఆవల, కడప జిల్లాలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి పేరిట వెలసిన బ్రహ్మంగారిమఠం ఉంది. విపత్తు వచ్చినప్పుడల్లా జరగబోయేది ముందే చెప్పిందనే ఆయన కాలజ్ఞానాన్ని తలచుకోవడం తెలుగునాట పరిపాటి. ఊరట కోసం అలా తలచుకుంటే తప్పులేదు గానీ, అంతా రాసిపెట్టి ఉందనుకుంటే చెరువు పూడిక తీసేదెవరు? యుగాంతం తప్పదని శాస్త్రమూ అనలేదు. ఉద్గారాలను వేగంగా తగ్గిస్తే నష్టం తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం ఐపీసీసీ 2023 నివేదిక స్పష్టంగా చెప్పింది.