గాడిలో పరుగెత్తిన బొమ్మకార్లు

స్లాట్ కారును ఎరుగని చదువరులకు ముందుగా ఒక మాట. దారి మధ్యన సన్నని గాడి, దానికి ఇరువైపులా విద్యుత్తు ప్రవహించే లోహపు పట్టీలు. కారు అడుగున ఉన్న మొన గాడిలో దిగి దారి తప్పనీయదు. పట్టీలనుండి అందిన విద్యుత్తుతో మోటారు తిరుగుతుంది. ఆటగాడి చేతిలో ఉన్నది వేగమొక్కటే. మలుపులో ఆశ ఎక్కువైతే కారు ఎగిరి నేలమీద పడుతుంది. ఈనాటి సేకర్తల అగచాట్లన్నీ ఆ పతనంతోనే మొదలు.

ఇంగ్లండులో మినీమోడల్స్ సంస్థాధిపతి ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1952లో 'స్కేలెక్స్' పేరిట స్ప్రింగుతో నడిచే రేకు కార్లను తెచ్చాడు. వాటి మోజు తగ్గాక అదే తరహా రేకు కార్లలో విద్యుత్ మోటారు అమర్చి, గాడి ఉన్న రబ్బరు దారిపై నడిపించాడు. స్కేలెక్స్, ఎలక్ట్రిక్ కలిసి 'స్కేలెక్‌స్ట్రిక్' అయింది. 1957లో హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో అది వెలుగు చూసింది; మరుసటి ఏడే సంస్థ లైన్స్ బ్రదర్స్ చేతికి పోయింది. 1960 నుండి రేకు స్థానంలో ప్లాస్టిక్ వచ్చింది. 1971లో లైన్స్ బ్రదర్స్ కుప్పకూలినా, చేతులు మారుతూ ఆ బొమ్మ మాత్రం బతికింది.

తొలినాటి మసెరాటి, ఫెరారీ రేకు కార్లు అరుదే. 1960ల నాటి బుగాటీ మరీ అరుదు. అయితే కారు దొరకడం ఒక ఎత్తు, దాని విడిభాగాలు దొరకడం ఒక ఎత్తు. పిల్లలు పోటీపడి ఆడినందువల్ల ముందు విరిగినవి ముందటి అద్దాలు, పొగగొట్టాలు, డ్రైవరు తలకాయలు. ఆడకుండా దాచినవాటికీ క్షేమం లేదు. రబ్బరు టైర్లు గాలికే గట్టిపడి బీటలు వారతాయి. మెత్తని వినైల్ టైర్లయితే వాటిలోని రసాయనం ఊరి, తాకిన ప్లాస్టిక్ చక్రాన్నే కరగదీస్తుంది. పెట్టె విప్పని కారని మురిసి ఎక్కువ ధర పెట్టేవారు ఇది గమనించాలి. అద్దం కోసమే ఒక పగిలిన కారును కొని, మిగతాది మరొకరికి ఇచ్చేవారున్నారు. ఒక మొండెం ఇలా ఎన్ని చేతులు మారుతుందో!

దొరకని భాగాన్ని మూసపోసి కొత్తగా చేసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. రెజిన్ పొగగొట్టాలు, యూరిథేన్ టైర్లు తయారై వస్తున్నాయి. వాటిని తప్పుపట్టను, పరుగెత్తని కారు నా దృష్టిలో సగం కారే. చిక్కల్లా చెప్పకుండా అమ్మడంలో ఉంది. తాళపత్రాన్ని పరిష్కరించే పండితుడు గ్రంథపాతం ఉన్నచోట తాను ఊహించి పూరించిన అక్షరాలను కుండలీకరణాలలో ఉంచుతాడు. మూలమేదో, పూరణమేదో తరువాతివాడికి తెలియాలి కదా! అలాగే బాగుచేసినవాడు కొత్త భాగం లోపలివైపు చిన్న గుర్తు గీయాలి. గట్టిపడిన పాత టైర్లను పారవేయక, విడిగా ఒక కాగితపు పొట్లంలో కట్టి కారుతోపాటే అందజేయాలి. ఆ పొట్లంలోని అరిగిన టైరును చూస్తే కారు ఎంత పరుగెత్తిందో తెలుస్తుంది. ఏ సంస్థ కేటలాగులోనూ ఆ సంగతి ఉండదు.