చెన్నపట్నం రేవులో తాడిమర్రి చరిత్ర

తాడిమర్రి నుంచి చెన్నైకి పోయేవాళ్లు మెరీనాలో అలలకు కాళ్లు తడుపుకుంటారు, టి.నగర్‌లో బట్టలు కొంటారు, రాత్రి రైలుకు తిరుగు ముఖం పడతారు. ఉత్తరాన కనిపించే రేవు వైపు, దాని పక్కనున్న కోట వైపు పోయేవాళ్లు తక్కువ. మన ఊరి చరిత్ర తెలుసుకోవాలనుకునే వాళ్లు మొదట పోవలసింది అక్కడికే.

ఆ నగరం పుట్టుకలోనే మన సీమ ప్రమేయం ఉంది. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి మార్చారు. వారి అరవీటి వంశం కింద నాయకుడిగా ఉన్న దామెర్ల వెంకటాద్రి 1639లో ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున కాస్త నేల ఇచ్చాడు. అక్కడే సెయింట్ జార్జి కోట లేచింది. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం అయింది.

నూట అరవై ఏళ్ల తర్వాత ఆ కోటే మనల్ని ఏలడం మొదలుపెట్టింది. 1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలనే ఈ జిల్లాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. పాళెగాండ్ల బలం అణచి, పొలాలు కొలిపించి, రైతు పేరునే శిస్తు కట్టే పద్ధతి పాదుకొల్పాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో మన సీమకు వచ్చి పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మొదట గుత్తిలో పూడ్చిన ఆయన అస్థికలు ఇప్పుడు కోటలోని సెయింట్ మేరీ చర్చిలో ఉన్నాయి. గుర్రం మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహాన్ని 1839లో నిలిపారు. దాన్ని చూస్తున్నప్పుడు మన తాతముత్తాతల పట్టా పుస్తకాలను తలుచుకోవాలి.

ఇక రేవు. 1875లో పనులు మొదలయ్యే నాటికి అలల నుంచి ఓడను కాచే గోడ కూడా మద్రాసుకు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు సరుకును అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవి. మరుసటి ఏడే ధాత కరువు వచ్చింది. అప్పటికి మనం బళ్లారి జిల్లాలో ఉన్నాం, అనంతపురం వేరు జిల్లా అయింది 1882లో. కరువు మొదట కాటేసిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. బెంగాల్, బర్మాల నుంచి ఓడల్లో వచ్చిన ధాన్యం మద్రాసు తీరంలో గుట్టలుగా పడింది. మద్రాసు నుంచి కడప, తాడిపత్రి, గుత్తిల మీదుగా రాయచూరుకు 1871లో పూర్తయిన రైలు దారే ఆ గింజలను సీమకు మోసింది. గింజలొచ్చినా మనుషులు దక్కలేదు. 1877లో కరువు పనికి ఖరారు చేసిన కూలి మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. 1876–78 కరువులో దేశంలో 50 లక్షల మందికి పైగా చనిపోయారు. నగరంలో బకింగ్‌హాం కాలువ కొంత భాగం కరువు కూలీలు తవ్విందే.

కడుతుండగానే 1881 తుఫాను ఆ రేవును బద్దలు కొట్టింది. మళ్లీ కట్టారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అక్కడి నుంచి సముద్రం దాటిన సరుకుల్లో శెనక్కాయలు, తోళ్లు ముఖ్యం. కరువుకు గింజలు దించుకున్న ఒడ్డు నుంచే మెట్ట చేల పంట విదేశాలకు పోయింది. ఆ రెండూ కలిపి చదివితేనే మన మెట్ట సేద్యం కథ తెలుస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడంతో మద్రాసుతో పాలన ముడి 1953 అక్టోబరు 1న తెగింది. అంతకుముందు ఆ రాష్ట్రం గురించి సీమ వాళ్ల అనుమానాలు తీర్చడానికి 1937లో ఆ నగరంలోనే శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. హిందూపురం ప్రాంతం వాడైన కల్లూరు సుబ్బారావు దాని మీద సంతకం చేసినవారిలో ఒకరు. ఆ రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచిన మైలాపూరు ఇల్లు స్మారక భవనంగా నిలిచి ఉంది.

చెన్నై పోయేవాళ్లకు నా మనవి: మెరీనా చూశాక ఒక పూట కోటకు, 1856 నాటి రాయపురం స్టేషనుకు, మైలాపూరు స్మారకానికి కేటాయించండి. పిల్లలను వెంట తీసుకుపోండి. ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారంలో దత్తమండలాల రెవెన్యూ కాగితాలు భద్రంగా ఉన్నాయి. అందులో మన తాలూకాలకు చెందినవాటి నకళ్లు తెప్పించి, మన శ్రీసత్యసాయి జిల్లా గ్రంథాలయాల్లో అందరికీ అందేలా పెట్టాలి. అది జిల్లా యంత్రాంగం చేయవలసిన పని, మనం పట్టుబట్టి అడగవలసిన పని.