వృద్ధుల మూత్రబాధ: కత్తి నుండి మాత్ర దాకా

ఏభై ఏళ్ళు దాటిన పురుషులలో అనేకులకు రాత్రివేళ రెండు మూడుసార్లు లేవవలసి వస్తుంది. ధార సన్నగిలుతుంది, ఎంతసేపు వేచినా మూత్రాశయం ఖాళీ అయినట్లు తోచదు. ముసలితనంలో ఇది మామూలే కదా అని సరిపెట్టుకొని, సిగ్గుతో ఇంట్లోవారికి కూడా చెప్పుకోనివారు ఉన్నారు. ఈ బాధకు తరచు కారణం పౌరుషగ్రంథి. వైద్యులు దీనినే ప్రోస్టేటు అంటారు. మూత్రాశయానికి దిగువన, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే ఈ గ్రంథి వయస్సుతోపాటు పెరిగి నాళాన్ని నొక్కుతుంది. ఈ పెరుగుదల కాన్సరు కాదు. అయినా మూత్రం పూర్తిగా బంధిస్తే ప్రాణానికే ముప్పు.

పూర్వం ఇట్టివారికి గొట్టమే దిక్కు. వెండి మొదలైన లోహాలతో చేసిన గొట్టాన్ని లోపలికి పంపి మూత్రాన్ని తీసేవారు. గొట్టం మూత్రాన్ని బయటికి తెస్తుందే కాని గ్రంథిని తగ్గించదు.

గ్రంథి ఎందుకు పెరుగుతుంది? దీనికి మొదటి ఆధారం 1786 లో దొరికినది. వృషణాలు తీసివేసిన జంతువులలో పౌరుషగ్రంథి చిన్నదిగా ఉండటాన్ని లండనులోని శస్త్రవైద్యుడు జాన్ హంటర్ గమనించినాడు. శతాబ్దం గడచిన తరువాత, ఫిలడెల్ఫియాకు చెందిన విలియం వైట్ కుక్కలపై ప్రయోగాలు చేసి, వృద్ధులకు కూడా వృషణాలను తొలగించడమే చికిత్స అని వాదించినాడు. 1895 లో 111 మంది రోగుల ఫలితాలను ప్రకటించినాడు. చాలామందిలో గ్రంథి తగ్గినమాట నిజమే. కాని కొందరు మరణించినారు. బ్రతికినవారు చెల్లించిన మూల్యమూ తక్కువది కాదు.

ఇంతలో మరొక మార్గం తెరుచుకొన్నది. భారతదేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో చాలాకాలం పనిచేసి లండను చేరిన పీటర్ ఫ్రేయర్, పొత్తికడుపును కోసి, మూత్రాశయం గుండా పెరిగిన భాగాన్ని వేలితో ఒలిచి తీసే పద్ధతిని 1901 లో ప్రకటించి ప్రచారంలోకి తెచ్చినాడు. 1926 లో న్యూయార్కు వైద్యుడు మాక్సిమిలియన్ స్టెర్న్ మూత్రనాళం గుండానే సాధనాన్ని పంపి, విద్యుత్తుతో వేడెక్కిన తీగతో గ్రంథిని చెక్కే పరికరాన్ని రూపొందించినాడు. కడుపు కోయవలసిన అవసరం క్రమంగా తగ్గినది. వైట్ చికిత్స మూలపడినది.

కాని హంటర్ చూచిన సత్యం మిగిలే ఉన్నది. వృషణాలలో పుట్టే టెస్టోస్టెరోను అనే హార్మోనును 1935 లో వేరుపరచినారు. పౌరుషగ్రంథిలో ఇది డైహైడ్రో టెస్టోస్టెరోనుగా మారుతుందనీ, గ్రంథి పెరుగుదలకు ముఖ్యమైనది ఈ రెండవదేననీ 1968 నుండి స్పష్టపడసాగినది. 1974 లో జూలియన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం ఒక వింత విషయాన్ని వెల్లడించినది. డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ గ్రామంలో, ఆడపిల్లలుగా భావించి పెంచిన కొందరు పిల్లలు యుక్తవయస్సులో పురుషలక్షణాలు పొందుతున్నారు. ఈ మార్పిడి జరిపే ఎంజైము వారిలో పుట్టుకతోనే లోపించినది. పెద్దవారైనా వారి పౌరుషగ్రంథి చిన్నదిగానే ఉంటున్నది!

దీనితో దారి దొరికినది. హార్మోనునంతటినీ తొలగించనక్కరలేదు, ఆ ఎంజైమును ఆపితే చాలు. ఆ పని చేసే ఫినాస్టెరైడు మాత్రను 1992 లో అమెరికా ప్రభుత్వం ఆమోదించినది. నెలల తరబడి వాడగా గ్రంథి సుమారు ఐదవ వంతు తగ్గుతుంది. కొందరిలో కామేచ్ఛ తగ్గడం వంటి దుష్ఫలితాలూ ఉన్నాయి.

ఇంతకు ముందే, 1970 ప్రాంతపు దశాబ్దంలో, జెరూసలేములో మార్కో కేన్ ఈ గ్రంథిలోని కండరాలు బిగుసుకొనడం కూడా అడ్డంకిలో భాగమని చూపి, వాటిని సడలించే మందులకు బాట వేసినాడు. ఇవి కొద్ది రోజులలోనే సుఖమిస్తాయి గాని గ్రంథిని తగ్గించవు. 3,047 మందిపై జరిపి 2003 లో ప్రకటించిన పరిశీలనలో, రెండు రకాల మందులనూ కలిపి వాడినవారిలో వ్యాధి ముదిరే అవకాశం, ఉత్తుత్తి మాత్ర వాడినవారితో పోలిస్తే 66 శాతం తగ్గినది.

శస్త్రచికిత్స అవసరం పూర్తిగా పోలేదు. పైగా మధుమేహం, మూత్రకోశంలో చీము, కాన్సరు కూడా ఇవే లక్షణాలు చూపవచ్చు, పరీక్షించనిదే తేలదు. హంటర్ చూచినదానిలో పొరపాటు లేదు. వైట్ దానినుండి తీసిన చికిత్స మాత్రం మొరటుది. దానిని సున్నితం చేయడానికి దాదాపు నూరేండ్లు పట్టినది. ఇన్నేళ్ళ శ్రమ ఫలితం అందుబాటులో ఉండగా, సిగ్గుపడి మౌనంగా బాధపడటం దేనికి?