ఫోర్తు ఫారము నుండి పదవ తరగతి వరకు

మన ఉన్నత పాఠశాలల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా భవనములను గూర్చియు, ప్రధానోపాధ్యాయులను గూర్చియు వ్రాయుదురు. ఏ తరగతిలో ఏమి బోధించిరి, దానిని అక్కడనే ఎందుకుంచిరి అను సంగతి అంతగా తలపెట్టరు. మా తాతగారు తాము ఫోర్తు ఫారము వరకు చదివితిమని చెప్పినప్పుడు, చిన్నవారమైన మేము అది నాలుగవ తరగతి కాబోలు అనుకొని నవ్వెడివారము. అది నేటి తొమ్మిదవ తరగతియని తెలియుటకు చాల కాలము పట్టినది. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1843లో బందరులో రాబర్టు నోబులుగారు పాఠశాల తెరచిన నాటికి మన దేశములో తరగతులకు ఒకే విధమైన క్రమము లేదు. 1854లో వచ్చిన వుడ్ నివేదిక ప్రాథమిక పాఠశాల మొదలు విశ్వవిద్యాలయము వరకు మెట్లు మెట్లుగా విద్య సాగవలెనని చెప్పినది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది. దాని మెట్రిక్యులేషను పరీక్షలో ఏమి అడుగుదురో దానినే క్రింది తరగతులలో చెప్పసాగిరి. అనగా పాఠ్యక్రమము క్రిందినుండి పైకి పెరగలేదు. పైనుండి క్రిందికి దిగినది. ఈ లోపమును గమనించియే 1882 నాటి హంటరు కమీషను, పై తరగతులలో రెండు త్రోవలుండవలెననెను. ఒకటి కళాశాలకు పోవువారికి, రెండవది వ్యాపారము, వృత్తి పనులకు పోవువారికి. రెండవ త్రోవను త్రొక్కినవారు బహు కొద్దిమంది.

1911లో మద్రాసు రాజధానిలో ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చినది. అయిదు తరగతుల పిమ్మట ఫస్టు ఫారము నుండి సిక్స్తు ఫారము వరకు ఆరు మెట్లు. మొత్తము పదునొకండు సంవత్సరముల చదువు. ఆ పద్ధతిలో మెచ్చదగిన సంగతి యొకటి కలదు. విద్యార్థి పేర ఒక పుస్తకముండెడిది. అందులో చివరి పరీక్ష మార్కులు మాత్రమేగాక, పై ఫారములలో బడిలో చూపిన ప్రగతియు వ్రాయబడెడిది. 2009 నాటి విద్యా హక్కు చట్టము కోరిన నిరంతర సమగ్ర మూల్యాంకనము క్రొత్త మాటయే గాని, దాని వెనుక నున్న తలంపు మన తాతల నాటిదే.

అదే కాలమున గ్రామములలో వేరొక మార్గముండెను. హయ్యరు ఎలిమెంటరీ పాఠశాలలో ఎనిమిదవ తరగతి ముగించి, ఈ.ఎస్.ఎల్.సి. పరీక్ష యిచ్చి, ట్రెయినింగు పొంది ఉపాధ్యాయులైనవారు అనేకులు. మన గ్రామ పాఠశాలలను నిలిపినవారిలో అట్టివారెందరో కలరు. అయితే ఆ మార్గము కళాశాల వాకిటికి పోలేదు. పదమూడు, పదునాలుగేండ్ల బిడ్డ ఏ బడిలో కూర్చుండెనో దానినిబట్టి వాని జీవితము నిర్ణయమగుచుండెను.

స్వాతంత్ర్యము తరువాత 1952-53లో డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారుగారి కమీషను ఈ చిక్కును విప్పజూచినది. పై తరగతులలో మానవ శాస్త్రములు, విజ్ఞానము, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలిత కళలు, గృహ విజ్ఞానము అను ఏడు శాఖలను సూచించినది. బహుళార్థసాధక పాఠశాలలు వెలసినవి. గాని శాఖలు నడుపుటకు తగిన ఉపాధ్యాయులు, పరికరములు అన్నిచోట్ల దొరకలేదు. 1964-66 నాటి కొఠారి కమీషను మరియొక దారి చూపినది. పది సంవత్సరముల వరకు అందరికిని ఒకే సామాన్య విద్య యుండవలెను. గణితము, విజ్ఞాన శాస్త్రము ఎవరును విడువరాదు. ఎంపిక ఆ పిమ్మటనే. 1969లో మన రాష్ట్రమున రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చి, పదవ తరగతి ఉన్నత పాఠశాలకు చివరి మెట్టయినది.

అయినను మార్పు ఒక్కనాట పూర్తికాలేదు. కొంతకాలము గణితములో కాంపోజిట్, జనరల్ అను రెండు విధములు నిలిచియుండెను. జనరల్ గణితము తీసికొన్న విద్యార్థికి ఎం.పి.సి. తలుపు మూసికొనిపోయెడిది. చాలచోట్ల ఆడపిల్లలకు దానినే యిప్పించిరి. ఇంజనీరు కాగలిగిన ఎందరు బిడ్డలు ఆ ఒక్క గీటుతో ఆగిపోయిరో ఎవరు లెక్కింపగలరు?

తరువాత కుదిరిన అమరిక మనకు తెలిసినదే. ఆరు, ఏడు తరగతులలో సామాన్య శాస్త్రము ఒకే పుస్తకము. ఎనిమిది నుండి భౌతిక రసాయన శాస్త్రమొకటి, జీవ శాస్త్రమొకటి. హిందీ ఆరవ తరగతిలో ప్రారంభము. పదవ తరగతిలో ఉత్తీర్ణతకు ఇతర విషయములలో 35 మార్కులు కావలెను, హిందీలో 20 చాలును. గణితములో ఒకే సంగతి మరల మరల వచ్చును. పైథాగరస్ సిద్ధాంతమును క్రింది తరగతిలో బొమ్మ గీసి చూపుదురు, పదవ తరగతిలో నిరూపింపజేయుదురు. 1960లో జెరోమ్ బ్రూనరు అను అమెరికా పండితుడు ఈ పద్ధతిని మెట్లబావివలె చుట్టు తిరుగుచు లోతునకు దిగు క్రమముగా వివరించెనని చెప్పవచ్చును. ఒక్కొక్క చుట్టులో అదే విషయము, అయితే మరికొంత లోతు.

ఈ క్రమములోనే ప్రమాదమును కలదు. ఆరవ తరగతిలో భిన్నములు రాని బిడ్డకు ఎనిమిదిలో బీజగణితము రాదు. పదిలో అది వానిని పడద్రోయును. లోకము మాత్రము "పది తప్పినాడు" అనును. నిజమునకు వాడు తప్పినది ఆరవ తరగతిలో; తెలిసినది పదిలో. 2009 చట్టము ఎనిమిదవ తరగతి వరకు ఎవరిని ఆపరాదనెను; 2019 సవరణ అయిదు, ఎనిమిది తరగతులలో పరీక్షలు పెట్టి ఆపుటకు రాష్ట్రములకు అవకాశమిచ్చెను. ఆపుటయా, పంపుటయా అను వాదమునకంటె, తప్పిన మెట్టు వద్దకు తిరిగి వెళ్లి చేయి అందించువారెవరు అను ప్రశ్న పెద్దది.

2020 నాటి జాతీయ విద్యా విధానము తొమ్మిది నుండి పండ్రెండు వరకు నాలుగేండ్లను ఒక దశగా కూర్చి, విషయముల ఎంపికలో స్వేచ్ఛ యీయవలెనని చెప్పుచున్నది. హంటరు నాటి ప్రశ్నయే మరల మన ముందు నిలిచినది: బిడ్డ త్రోవను ఎప్పుడు, ఎవరు నిర్ణయింపవలెను? ఎంపిక మంచిదే. గాని పట్టణపు బడిలో అది ఎంపికయై, పల్లె బడిలో ఉపాధ్యాయుడు లేనందున గతిలేనితనమైనయెడల, మొదలియారుగారి నాటి కథ మరల జరుగును.

కావున చదువరులారా, మీ యింటి బిడ్డ పదవ తరగతికి వచ్చువరకు వేచియుండకుడి. ఆరవ తరగతి పుస్తకమును ఈ సాయంకాలమే తెరచి, ఒక భిన్నముల లెక్క చేయించి చూడుడి.