నాయనమ్మ ఏ గడిలో ఉంది?

మొన్నామధ్య మా టీములో ఉన్న అమెరికా అతను వాళ్ళ తాత పేరు 1950 జనాభా లెక్కల్లో దొరికిందని స్క్రీన్ షేర్ చేసి మరీ చూపించాడు. చేత్తో నింపిన కాగితం. పేరు, వయసు, పుట్టిన రాష్ట్రం, వృత్తి దగ్గర రైతు అని. అక్కడ 72 ఏళ్ళు దాటాక ఆ కాగితాలు బయట పెడతారట. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి.

నాకూ ఉబలాటం పుట్టింది. మా నాయనమ్మ 1935లో గుంటూరు జిల్లాలో పుట్టింది. ఆవిడకి మూడేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఉన్న నాలుగెకరాల మెట్టా అమ్మేసి నిజామాబాదు వైపు వెళ్ళిపోయాడు. మంజీర మీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలవ నీళ్ళొచ్చేసరికి వరి సాగు అలవాటున్న కోస్తా రైతులు చాలామంది అటు కదిలారు. పేరు చివర 'క్యాంపు' ఉన్న ఊళ్ళు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. మాదీ అలాంటి ఊరే. ఇదంతా నాయనమ్మ నోటిమాట. ఒక్క కాగితమైనా దొరక్కపోతుందా అనుకున్నా.

దొరకలేదు. 1948 నాటి జనాభా లెక్కల చట్టం, 15వ సెక్షన్ ప్రకారం మన ఇంటింటి వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు. మనకి మిగిలేవి పట్టికలే. మన భాషలో చెప్పాలంటే, గ్రూప్ బై కొట్టి అసలు వరుసలు తీసేశారన్నమాట :)

సరే, పేరు లేకపోతే పోయింది, ఆవిడ ఏ గడిలో పడి ఉంటుందో చూద్దామని కూర్చున్నా.

1941లో ఆరేళ్ళ పిల్ల. యుద్ధం మూలంగా ఆ ఏడు పట్టికలు బాగా కుదించేశారు.

1951లో హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న, మద్రాసు రాష్ట్రంలో పుట్టిన మనిషి. మదురై నుంచి వచ్చినవాళ్ళదీ ఆవిడదీ ఒకటే రాష్ట్రం.

1961కి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది కాబట్టి, అదే రాష్ట్రంలో వేరే జిల్లాలో పుట్టిన మనిషి. పరాయి రాష్ట్రం కాస్తా పక్క జిల్లా స్థాయికి దిగింది.

1971లో 'ఇంతకుముందు ఎక్కడుండేవారు' అని కొత్తగా అడిగారు. పెళ్ళయి పక్క క్యాంపు నుంచి తాతగారి ఊరొచ్చింది కాబట్టి, ఆ లెక్కన జిల్లా కూడా దాటలేదు. 1981లో కారణం కూడా అడిగారు. ఆవిడ జవాబు 'పెళ్ళి' అయ్యుంటుంది. అంటే ఆనకట్ట, కాలవ, అమ్ముకున్న మెట్ట అన్నీ ఆ గడిలోంచి మాయం!

2014లో తెలంగాణ వచ్చింది. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడి 2027కి వెళ్ళాయి. ఈసారి పుట్టిన చోటు చెప్తే ఆవిడ మళ్ళీ పరాయి రాష్ట్రంలో పుట్టిన మనిషి.

పట్టికలు అబద్ధం చెప్పాయని కాదు. ప్రతిసారీ అడిగినదానికి సరిగ్గానే చెప్పాయి. కానీ వాళ్ళ నాన్న సామాను కట్టింది ఒక్కసారే. ఆ తర్వాత కదిలింది గీతలు, ప్రశ్నలు.

నేను స్కూల్లో ఉండగా ఉద్యమం జోరుగా ఉండేది. 'మీరు సెట్లర్లు కదా' అని క్లాసులో ఎవరన్నా అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. గుంటూరు వెళ్తే అక్కడి చుట్టాలు 'నిజామాబాదోళ్ళొచ్చారు' అనేవారు. అసలు ఈ వెతుకులాటంతా దాని కోసమే అనుకుంటా.

పోయిన పండక్కి వెళ్ళినప్పుడు ఈ లెక్కంతా నాయనమ్మకి చెప్పా. ఓపిగ్గా విని, "ఒరే అబ్బాయ్, డెబ్బై ఏళ్ళ నుంచి మీ తాత పొలం గట్టు మీదే ఉన్నా గదరా. నేనేడికి పోయాను?" అంది.

జవాబు లేదు నా దగ్గర. ఫోన్ తీసి రికార్డింగ్ పెట్టా. ఏ ఊరు, ఏ రైలు, ఎన్నెకరాలు, ఎవరెవరు వచ్చారు... గంటన్నర చెప్పింది. పేర్లన్నీ ఒక ఫైల్లో రాసుకున్నా. మన దగ్గర పేర్లు ఏ ఆఫీసూ ఇవ్వదు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే కూర్చోండి.