రెండెకరాల పోడు, గడిన్నర బొమ్మ

1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఎగిరిన మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహం 22 రోజులకోసారి దేశాన్నంతా చూసి వచ్చేది. ఇప్పటి తెలంగాణలోని దమ్మపేట చుట్టుపక్కల అడవులూ, వాటి అంచున కోయ గిరిజనులు కొట్టుకున్న పోడు చేలూ ఆ చూపులో పడేవే. షాద్‌నగర్‌లో 1979 నుంచే పనిచేస్తున్న కేంద్రం ఆ సంకేతాలను అందుకుని టేపుల మీదికి ఎక్కించేది.

టేపు మీద బొమ్మ ఉండదు, అంకెలుంటాయి. ఉపగ్రహంలోని లిస్-1 కెమెరా నేలను 72.5 మీటర్ల చదరపు గడులుగా విడగొట్టి చూసింది. ఒక్కో గడి నుంచి వచ్చిన వెలుతురును నీలం, ఆకుపచ్చ, ఎరుపు, కంటికి ఆనని పరారుణం అనే నాలుగు పట్టీల్లో విడివిడిగా కొలిచి, 0 నుంచి 127 లోపు ఒక్కో అంకె వేసింది. అడ్డవరుసకు 2048 గడులు, అంటే 148 కిలోమీటర్ల నేల. అలాంటి వరుసలు 2048 పేరిస్తే ఒక్క పట్టీకే దాదాపు 42 లక్షల అంకెలు!

కంప్యూటర్ తెర మీద ఉండేవి మూడే రంగులు. అందుకని పరారుణం అంకెలను ఎరుపుకీ, ఎరుపువి ఆకుపచ్చకీ, ఆకుపచ్చవి నీలానికీ ఇచ్చి చూపడం రివాజైంది. పచ్చని ఆకు పరారుణాన్ని బాగా వెనక్కి పంపుతుంది కనుక అడవి ఎర్రగా మెరుస్తుంది. కొత్తగా చూసేవాళ్లు కార్చిచ్చు అనుకున్నా తప్పుపట్టలేం.

ఇక చిక్కంతా గడి దగ్గరే. రెండెకరాల పోడు లిస్-1 బొమ్మలో దాదాపు గడిన్నరే. పైగా కోయలు చేను కొట్టినా ఇప్పచెట్లను నరకరు. ఆ చెట్లు, చేను, పక్కనున్న అడవి అన్నీ కలిసి ఒకే అంకె అవుతాయి. ఆ అంకెను ఎంత పెద్దది చేసి చూపినా లోపలి హద్దు బయటపడదు. 2003లో వెళ్లిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-3 గడి 23.5 మీటర్లు కనుక అదే చేను దాదాపు 15 గడులైంది. 2005 మే 5న వెళ్లిన కార్టోశాట్-1 గడి 2.5 మీటర్లే. దాంట్లో 1300 గడుల దాకా వస్తాయి, కాకపోతే నలుపు తెలుపుల్లో.

ఈ కొలతలు పట్టాల దాకా వచ్చాయి. అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా రావాలంటే గిరిజన రైతు ఆ భూమిలో 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే ఉండాలి. డిసెంబర్‌లో కంది చేను ఇంకా పచ్చగానే ఉంటుంది, బొమ్మలో అదీ ఎరుపే కనుక అడవి నుంచి విడదీసి చూడటం కష్టం. 2012లో నిబంధనలు సవరించినప్పుడు ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే గాని బదులు కాదని స్పష్టంగా రాశారు. ఊరి పెద్దల వాంగ్మూలం, పాత బావులు, శ్మశానాలు ఆ సాక్ష్యాల్లోవే. చిత్రం ఒక్కటే చాలదన్నది రాయక తప్పని మాటే. 2023 జూన్ 30న తెలంగాణలో మొదలైన పంపిణీలో లక్షన్నర మందికి పైగా పోడు పట్టాలిచ్చారు.

దమ్మపేటలో తిరకాసు ఇంకోటి ఉంది. ఈ మండలంలోని అప్పారావుపేటలో పామాయిల్ ఫ్యాక్టరీ నడుస్తోంది, చుట్టూ తోటలే. ఎదిగిన తోట కూడా తెర మీద ఎర్రగానే కనిపిస్తుంది. భారత అటవీ సర్వే సంస్థ లెక్కలో హెక్టారుకు తగ్గకుండా, చెట్ల నీడ కనీసం పది శాతం ఉన్న నేలంతా అటవీ విస్తీర్ణమే. అది ఎవరి సొంతమన్నది చూడరు, తోటలనూ వదలరు. ఆ లెక్కన ఇప్పచెట్ల నడుమ కంది వేసిన చేనూ, గెలలు కోసి ఫ్యాక్టరీకి తోలే తోటా రెండూ అడవి పద్దులోనే చేరవచ్చు.